పంక్తి దగ్గర పుట్టిన సిద్ధాంతం

సిరియాలోని అంతియొకయ పట్నంలో, క్రీస్తుశకం 50కి కాస్త అటూ ఇటూగా, భోజనాల దగ్గర ఒక గొడవ జరిగింది. యేసు శిష్యుల్లో పెద్ద తలకాయ పేతురు అప్పుడు ఆ ఊళ్లో ఉన్నాడు. పుట్టుకతో యూదుడైనా, యూదులు కాని కొత్త విశ్వాసులతో కలిసి ఒకే పంక్తిన తింటున్నాడు. ఇంతలో యెరూషలేము నుంచి, అక్కడి సంఘ పెద్ద యాకోబు తాలూకు మనుషులు కొందరు దిగారు. సున్నతి, మైల, తినదగినవి, తినకూడనివి అన్నీ పట్టింపుగా చూసేవాళ్లు. వాళ్లేమంటారోనని పేతురు మెల్లగా పంక్తి నుంచి తప్పుకున్నాడు. ఆయన్ని చూసి మిగతా యూదులూ తప్పుకున్నారు, చివరికి పౌలు సహచరుడు బర్నబా కూడా. పౌలుకు ఒళ్లు మండింది. పెద్దవాడని చూడకుండా అందరి ఎదుటా పేతురును నిలదీశాడు.

ఈ సంగతి గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో పౌలే చెప్పుకున్నాడు. ఆ నిలదీత వెంటనే, ఊపిరి తీసుకోకుండా, ఇంకో మాట అంటాడు. ధర్మశాస్త్రం చెప్పిన పనులు చేసినందుకు దేవుడు ఎవర్నీ నీతిమంతుడని లెక్కపెట్టడు, క్రీస్తును నమ్మినందుకే అలా లెక్కపెడతాడు అని ఆ మాట సారాంశం. క్రైస్తవ ప్రపంచాన్ని తర్వాత రెండుగా చీల్చిన సిద్ధాంతం పౌలు పత్రికల్లో మొదట కనబడేది ఇక్కడే. ఎవరు ఎవరి పక్కన కూర్చుని తినొచ్చు అన్న తగాదాలోంచి అది పుట్టింది. పల్నాటి కథ దగ్గరికి వచ్చేసరికి ఈ పుట్టుక మనకు పనికొస్తుంది.

ఒకే అబ్రాహాము, రెండు వాదాలు

కృప అంటే అర్హత చూడకుండా దేవుడు చూపే దయ. విశ్వాసం అంటే ఆ దయను చెయ్యి చాపి అందుకోవడం. సత్క్రియలంటే ఆ తర్వాత మనిషి బతికే తీరు. ఈ మూడింటిలో ఏది ముందు, ఏది దేనికి కారణం అన్నదే తగువంతా.

పౌలు రోమీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో అబ్రాహామును సాక్షిగా నిలబెడతాడు. దేవుడి మాట నమ్మాడు, అదే అతనికి నీతిగా లెక్కయింది అని ఆదికాండం 15వ అధ్యాయం ఆరో వచనం చూపిస్తాడు. యాకోబు పత్రిక రెండో అధ్యాయం తెరిస్తే అక్కడా అబ్రాహామే సాక్షి, అక్కడా అదే వచనం. కానీ యాకోబు తీర్పు వేరు. అబ్రాహాము కొడుకు ఇస్సాకును బలిపీఠం దాకా తీసుకెళ్లాడు కదా, ఆ పనిలోనే విశ్వాసం నిండుకుండ అయింది, పని లేని విశ్వాసం చచ్చిన శవంతో సమానం అంటాడు. ఇంకో ఉదాహరణా ఇస్తాడు. తిండీ బట్టా లేనివాడు ఇంటికొస్తే, వెచ్చగా ఉండు నాయనా, కడుపు నింపుకో నాయనా అని దీవించి ఒట్టి చేతులతో పంపిస్తే ఏం లాభం అని అడుగుతాడు.

ఇద్దరూ పోట్లాడుకున్నారా? జాగ్రత్తగా చదివితే ఇద్దరి ఎదుటా ఉన్న మనుషులు వేరు. పౌలు ముందున్నవాడు తన ఆచారం చూపించి పక్కవాణ్ని పంక్తి నుంచి లేపేవాడు. యాకోబు ముందున్నవాడు తన నమ్మకం చూపించి పక్కవాడి ఆకలిని పట్టించుకోనివాడు. ఇద్దరికీ ఒకే మందు పనిచేయదు. ఎఫెసీయులకు రాసిన పత్రికలో రెండో అధ్యాయం 8, 9, 10 వచనాలు ఈ రెంటినీ ఒక్కచోట కలుపుతాయి. మొదటి రెండూ రక్షణ మీ పనుల వల్ల వచ్చింది కాదు, అది వరం అంటాయి. మూడోది మంచి పనులు చేయడానికే దేవుడు మిమ్మల్ని తయారుచేశాడంటుంది. గొడవలన్నీ ఎనిమిది, తొమ్మిది చదివి పది దగ్గర పుస్తకం మూసేసినవాళ్ల వల్లా, పదో వచనం దగ్గరే చదవడం మొదలుపెట్టినవాళ్ల వల్లా వచ్చాయి.

అగస్టీను నుంచి లూథర్ దాకా

ఐదో శతాబ్దం మొదట్లో బ్రిటన్ నుంచి వచ్చిన పెలేజియస్ అనే సన్యాసి రోమ్‌లో క్రైస్తవుల నడవడి చూసి చికాకుపడ్డాడు. మనిషి తలచుకుంటే మంచిగా బతకగలడు, దేవుడు ఆ శక్తి ఇచ్చే పుట్టించాడు అని బోధించాడు. ఉత్తరాఫ్రికాలో హిప్పో బిషప్ అగస్టీను దీనికి ఎదురు తిరిగాడు. తలచుకోవడం కూడా కృప ఉంటేనే వస్తుంది అన్నాడు. 418లో కార్తేజి సభ పెలేజియస్ బోధను తోసిపుచ్చింది. 529లో ఆరెంజ్ సభ, దేవుడి వైపు మనిషి వేసే మొదటి అడుగు కూడా కృప పనే అని తేల్చింది.

తెలుగువాళ్లకు ఈ వాదం మరీ కొత్తదేం కాదు. శ్రీవైష్ణవుల్లో మర్కట న్యాయం, మార్జాల న్యాయం అని రెండు పక్షాలున్నాయి. కోతిపిల్ల తల్లి పొట్టను తానే కరుచుకుని ఉండాలి. పిల్లికూనను తల్లే నోట పట్టుకుని తీసుకెళ్తుంది. భక్తుడు పట్టుకోవాలా, దేవుడే పట్టుకుంటాడా? పెలేజియస్, అగస్టీను వాదించుకున్నది ఇంచుమించు దీని మీదే.

ఆ తర్వాత వెయ్యేళ్లలో కృప కాస్తా లెక్కల పుస్తకంలోకి ఎక్కింది. పాపక్షమాపణ తర్వాత మిగిలిన శిక్షను తగ్గించే పత్రాలు అమ్మకానికి వచ్చాయి. రోమ్‌లో సెయింట్ పీటర్ బాసిలికా కట్టడానికి డబ్బు కావాల్సి వచ్చి, జర్మనీలో యోహాన్ టెట్జెల్ అనే సన్యాసి వాటిని ఊరూరా తిప్పాడు. మార్టిన్ లూథర్ ఈ గొడవలోకి రాకముందు తన సొంత లెక్కలతోనే సతమతమయ్యాడు. 1505లో పిడుగుపాటుకు జడిసి సన్యాసినవుతానని మొక్కుకుని ఎర్ఫర్ట్ మఠంలో చేరాడు. ఉపవాసాలు చేశాడు, జాగారాలు చేశాడు, గురువు దగ్గర గంటలకొద్దీ పాపాలు ఒప్పుకున్నాడు. అయినా ఇంకేదో మరిచానన్న భయం తీరలేదు. రోమీయుల పత్రిక మొదటి అధ్యాయం 17వ వచనం దగ్గర ఆ ముడి వీడింది. దేవుడి నీతి అంటే మనిషిని శిక్షించడానికి ఎత్తిన కొలబద్ద అనుకుంటూ వచ్చినవాడు, అది నమ్మినవాడికి దేవుడు ఊరికే ఇచ్చే బహుమానమని గ్రహించాడు.

1517 అక్టోబరు 31న ఆయన 95 సిద్ధాంత వాక్యాలు బయటికొచ్చాయి. 1522లో కొత్త నిబంధనను జర్మన్‌లోకి అనువదిస్తూ రోమీయులు 3:28లో మూలంలో లేని "మాత్రమే" అన్న మాట చేర్చాడు. యాకోబు పత్రికను గడ్డిపోచ కింద తీసేశాడు. అలాగని పనులు వద్దన్న మనిషి కాదు. క్రైస్తవుడు ఎవరికీ బానిస కాడు, అందరికీ సేవకుడు అన్న అర్థంలో 1520లో ఒక చిన్న పుస్తకమే రాశాడు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలులో నాలుగో అధికరణం కృప గురించి అయితే, ఆరోది విశ్వాసం మంచి ఫలాలు కాయక తప్పదని చెబుతుంది. రోమ్ జవాబు 1547 జనవరి 13న ట్రెంట్ సభలో వచ్చింది. మొదలు కృపదే అని ఒప్పుకుంటూనే, మనిషి దానికి సహకరించాలి, ప్రేమ లేని ఒట్టి నమ్మకం రక్షించదు అంది. విశ్వాసం ఒక్కటే చాలు అనేవాళ్లను వెలివేసింది.

ఇక్కడ ఒక మార్పు గమనించాలి. పౌలు రోజుల్లో పంక్తి తగాదాగా ఉన్నది లూథర్ చేతికొచ్చేసరికి ఒంటరి మనిషి మనసులోని భయానికి మందు అయింది. నేను రక్షణ పొందానా అన్న ప్రశ్న ముందుకొచ్చి, వీడు నా పక్కన కూర్చోవచ్చా అన్న ప్రశ్న వెనక్కి పోయింది.

గురజాల బంగళా

లూథర్ మాట తెలుగులోకి చాలా ముందే వచ్చింది. మద్రాసులో పనిచేసిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకుని, స్వదేశం వెళ్లాక 1746లో హాలే నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు అక్షరం అచ్చుకెక్కిన తొలి పుస్తకాలు అవే. మోక్షానికి దారేది అన్నదే వాటి విషయం. లూథర్ చిన్న ప్రశ్నోత్తరి కూడా వాటిలో ఉంది. పుస్తకం వచ్చింది గానీ దాన్ని పట్టుకుని పల్నాటి ఎండల్లో తిరిగే మనిషి రావడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

ఆ మనిషి లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్. 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరాడు. 1842 జులై 31న గుంటూరులో అడుగుపెట్టాడు. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. కలెక్టర్ హెన్రీ స్టోక్స్ ఆదరించి నిలబెట్టాడు. మధ్యలో అమెరికా వెళ్లినప్పుడు బాల్టిమోర్‌లో వైద్యం చదివి పట్టా పుచ్చుకున్నాడు. తిరిగి వచ్చి 1849లో గురజాలలో కాపురం పెట్టాడు. నాగార్జునసాగర్ కాలవలు వందేళ్ల తర్వాతి మాట. అప్పటి పల్నాడు రాళ్లూ, మెట్ట చేలూ, చలిజ్వరం. దొర దగ్గర బైబిలూ ఉండేది, మందుల పెట్టే ఉండేది. 1857లో వెళ్లిపోయినవాడు, రాజమండ్రి మిషన్ లూథరన్ల చేజారుతోందని తెలిసి 1869లో 76వ ఏట మళ్లీ ఓడెక్కాడు.

హేయర్ తెచ్చిన సిద్ధాంతం లూథర్ భయానికి జవాబుగా తయారైంది. పల్నాటి మాలపల్లెల్లో దాన్ని విన్నవాళ్ల భయం వేరు. పాపాల చిట్టా రాసుకుని నిద్ర పట్టనివాళ్లు కారు వాళ్లు. నీ పుట్టుక నువ్వు వెనకటి జన్మలో చేసిన కర్మ ఫలం, అందుకే బావి దగ్గరికి రావద్దు, గుడి దగ్గరికి రావద్దు అని వింటూ పెరిగినవాళ్లు. వాళ్ల మీద క్రియల లెక్క పుట్టకముందే వేసి ఉంది. దేవుడి దగ్గర క్రియల లెక్క లేదు, దయ ఒక్కటే ఉంది అన్న మాట అలాంటి చెవికి ఎలా వినబడి ఉంటుందో ఊహించుకోవచ్చు. లూథర్‌కు అది మనసు తేలిక చేసిన మాట. ఇక్కడ అది తల ఎత్తుకోనిచ్చిన మాట.

పైగా ఆ నేల మీద కులాలు కలిపి కూర్చోబెట్టడం ఎరగని సంగతి కాదు. మాచర్ల బ్రహ్మనాయుడు మాలమాదిగలను కూడా ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించిన చాపకూడు కథ పల్నాటి వీరగాథలో పాడతారు. మాల కన్నమదాసును కొడుకుగా చూసుకుని సేనాధిపతిని చేశాడనీ చెబుతారు. ఆ చాప చుట్టూ ఎంత నెత్తురు పారిందో పల్నాటి యుద్ధం జరిగిన కారంపూడి చెబుతుంది. పౌలు అంతియొకయలో అడిగిన ప్రశ్న పల్నాటికి వచ్చేసరికి తన సొంతూరికి వచ్చినట్టయింది.

ఒంగోలు కరువులో పరీక్ష

నరసరావుపేట, వినుకొండ వైపు క్రైస్తవం వచ్చిన దారి వేరు. అది ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ నుంచి, మాదిగపల్లెల మీదుగా వచ్చింది. అక్కడి పాదిరి జాన్ క్లౌ చదువుకు ముందు అమెరికాలో భూముల సర్వే చేసిన మనిషి. 1866లో ఒంగోలు వచ్చాడు. మొదట్లో ఆయన బడికి పెద్ద కులాల పిల్లలు వచ్చేవారు. మాదిగలను చేర్చుకుంటే మేం రాం అని వాళ్లు తేల్చేశారు. ఏం చేయాలో తోచక భర్త ఒక గదిలో, భార్య హేరియట్ ఇంకో గదిలో బైబిలు తెరిచారట. ఇద్దరికీ తగిలింది ఒకే చోటు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివర, దేవుడు గొప్పవాళ్లను కాక లోకం చిన్నచూపు చూసేవాళ్లను ఏర్పరచుకున్నాడని చెప్పేచోటు. పెద్ద కులాల పిల్లలు వెళ్లిపోయారు, మాదిగలు ఉండిపోయారు.

క్లౌ కొత్త విశ్వాసులకు మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. చెప్పడానికి మూడే, ఊళ్లో వాటి బరువు ఎక్కువ. చచ్చిన గొడ్డును లాక్కెళ్లడం, తోలు తీయడం, చెప్పులూ మోట తోళ్లూ కుట్టివ్వడం మాదిగల మీద మోపిన ఊరి చాకిరీ. ఆదివారం రాను అంటే ఆసామికి కోపం, గొడ్డును ముట్టను అంటే ఊరంతటికీ కోపం. నియమాలు పాటిస్తే రక్షణ అని లెక్కేస్తే ఇది మళ్లీ టెట్జెల్ బేరమే. కృప దొరికినవాడు ఇక తలవంచుకుని బతకడు అని చూస్తే ఎఫెసీయుల పదో వచనం. ఆ మూడు నియమాల్లో ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. ఏ పల్లెలో ఏది గెలిచిందన్నది బోధకుణ్ని బట్టి ఉంటుంది.

అసలు పరీక్ష 1876–78 ధాత కరువులో వచ్చింది. క్లౌ సర్కారు దగ్గర బకింగ్‌హామ్ కాలవలో మూడు మైళ్లకు పైబడిన ముక్క తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఊరికే గంజి పోయకుండా కూలి ఇచ్చే పని పెట్టాడు. ఆయన బోధకులే మేస్త్రీలు. ఆకలితో వచ్చినవాళ్లు వేలల్లో ఉన్నారు, బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్లూ వేలల్లోనే. క్లౌ ఇవ్వలేదు. కరువు పనులు నడుస్తున్న ఏడాదికి పైగా కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. కూడు కోసం కిరస్తానంలో కలిశారన్న మాట పడకూడదని, కూలికీ విశ్వాసానికీ మధ్య గీత గీశాడు. ఆకలికి అన్నం పెట్టమన్న యాకోబు మాటా నిలిచింది, అన్నాన్ని విశ్వాసానికి వెల చేయొద్దన్న పౌలు మాటా నిలిచింది. గీత ఎంత శుభ్రంగా పడిందని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అడగదగిన ప్రశ్నే అది. కష్టంలో చెయ్యి పట్టుకున్నవాణ్ని మనిషి మరిచిపోడు, నమ్మకం ఆ కృతజ్ఞతలోంచి కూడా మొలుస్తుంది. దాన్ని బేరం అనడానికి మాత్రం నాకు నోరు రాదు.

పనులు ముగిశాక, 1878 జులై 3న, ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి ఇచ్చారు. పొద్దున మొదలుపెట్టి, మధ్యాహ్నం ఆగి, సాయంత్రానికి ముగించారు. ఆ ఏడాది ఆఖరుకు ఒంగోలు మిషన్‌లో అలా చేరినవాళ్లు 9,606. ఒక్క కేంద్రం నుంచి చూసుకోవడం కుదరక 1880ల మొదట్లో మిషన్‌ను విడదీసి వినుకొండ, నరసరావుపేట, బాపట్ల, కంభంలలో కొత్త కేంద్రాలు తెరిచారు. నరసరావుపేటలో బాప్టిస్టు సంఘం వేరు ఆ ఏట్లో ఉంది.

క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ మాదిగల జీవితం మీద 1899లో ఒక పుస్తకం రాసింది. భర్త పోయాక 1914లో ఆయన అనుభవాలను "ప్రాచ్యంలో సామాజిక క్రైస్తవం" అన్న అర్థం వచ్చే పేరుతో వెలువరించింది. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్ అమెరికాలో, కూలి రేట్లూ కార్మికుల బస్తీలూ కూడా సువార్త సంగతులే అని వాదించి పేరు తెచ్చుకున్న వేదాంతి. విశ్వాసమూ క్రియా విడదీయరానివన్న ఆలోచన న్యూయార్క్‌లో పుస్తకాలకెక్కే వేళకు, ఒంగోలు కాలవ గట్టు మీద దాని పని అప్పటికే జరిగిపోయింది.

వెలి ఎత్తేసిన రోజు

ట్రెంట్ వెలికి 452 ఏళ్లు నిండాక, 1999 అక్టోబరు 31న, జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక సంఘమూ లూథరన్ ప్రపంచ సమాఖ్యా ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యత చూసి కాదు, కృప వల్లే దేవుడు మనల్ని అంగీకరిస్తాడు, ఆ కృపే మన మనసు మార్చి మంచి పనులకు పంపుతుంది అన్నది దాని సారం. ఈ ప్రకటనలో చెప్పిన తీరున బోధించేవాళ్లకు పాత శాపాలు తగలవని రెండు పక్షాలూ రాసుకున్నాయి. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాలు చేరాయి. గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఆ సమాఖ్యలో సభ్యురాలు. అంటే గురజాల లూథరన్ల పేరు మీదా, గుంటూరు మేత్రాసనం కింది రెంటచింతల కతోలికుల పేరు మీదా ఆ సంతకాలు పడ్డాయి.

పండితులు కూడా ఈలోగా పౌలును మళ్లీ చదివారు. స్వీడన్ లూథరన్ పండితుడు క్రిస్టర్ స్టెండాల్ 1963లో ఒక వ్యాసం రాసి, పౌలును లూథర్ మనోవ్యథలోంచి చదవడం ఆపండి, యూదులూ అన్యులూ ఒకచోట ఎలా ఉంటారన్నదే ఆయన ప్రశ్న అన్నాడు. 1977లో ఇ.పి. శాండర్స్ పుస్తకంతో ఆ వాదం బలపడింది. పంక్తి మళ్లీ ముందుకొచ్చింది. పల్నాటి పల్లెల్లో విన్నవాళ్లు ఆ వ్యాసం చదవకుండానే పౌలును ఆ వైపు నుంచే విన్నారని నాకనిపిస్తుంది.

మరి సిద్ధాంతం గెలిచిందా? కాగితం మీద గెలిచింది. ఊళ్లో చూస్తే రెడ్ల గుడి, మాలల చర్చి, మాదిగల చర్చి అని ఇప్పటికీ గుర్తు చెబుతారు. ఒకే ప్రభువును నమ్మి, ఒకే రొట్టె విరిచేవాళ్లు పిల్లకు సంబంధం చూసేటప్పుడు ముందు కులం అడుగుతారు. మిషన్లు వేర్వేరు కులాల్లో వేళ్లూనడం దీనికి ఒక కారణం, అది చరిత్ర. వేళ్లు అలాగే ఉంచుకోవడం మాత్రం మన పని. యోగ్యత చూడని కృపను ఆదివారం ప్రకటించి, పుట్టుక చూసే పద్ధతిని సోమవారం పాటిస్తే, అది పేతురు అంతియొకయలో చేసిన తప్పే. దాన్ని విశ్వాసం, క్రియ అన్న వేదాంత చర్చతో కప్పిపెట్టలేం.

అక్టోబరు 31న లూథరన్ చర్చిల్లో సంస్కరణ దినం జరుపుతారు. ఈసారి గురజాలలోనో, మాచర్లలోనో, నరసరావుపేటలోనో పాస్టరు గారూ, ఫాదర్ గారూ, బాప్టిస్టు బోధకుడూ ఒకచోట కూర్చుని 1999 ప్రకటనను సంఘాల ఎదుట తెలుగులో చదివించండి. గంట పని. చదివాక మూడు సంఘాల వాళ్లూ కలిసి భోజనం చేయండి. కృప ముందు, క్రియ తర్వాత అన్నది అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.